ఉంగరపు వేలికి సూది, చిటికెన వేలికి సర్జరీ: ఒక డుప్యుట్రెన్ కేసు

ఈ రోగి కుడి చేతిలో రెండు వేళ్ళు లోపలికి వంగిపోయాయి. రెండింటికీ ఒకటే జబ్బు, డుప్యుట్రెన్స్ కాంట్రాక్చర్. కొలిచి చూస్తే రెండూ ఒకే స్టేజిలో ఉన్నాయి. అయినా ఒక వేలికి కాసేపటి సూది పని సరిపోయింది, రెండో వేలు ఆపరేషన్ చేసినా పూర్తిగా సాపు కాలేదు. వేలు ఎంత వంగిందన్నదాని కంటే ఏ కణుపు దగ్గర వంగిందన్నదే చికిత్సను ఎక్కువగా నిర్ణయిస్తుందని చెప్పడానికి ఈ కేసు బాగా పనికొస్తుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆయన వయసు 62. వడ్రంగి పని చేస్తారు. పదేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఉంగరపు వేలి కింద అరచేతిలో ఆరేడేళ్ళ క్రితం చిన్న గట్టి బుడిపె కనిపించిందట. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత అది పొడుగ్గా సాగి తాడులా తేలింది, వేలు నెమ్మదిగా దిగింది. చిటికెన వేలు గత రెండేళ్ళలో వంగింది, అదీ వేగంగా.

"నరం పట్టేసింది డాక్టర్ గారూ, కాస్త వదులు చేస్తే చాలు" అన్నారు. అంతకుముందు ఒకచోట ట్రిగ్గర్ ఫింగర్ అని స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఇంకోచోట కీళ్ళవాతం అన్నారు. రోజూ రెండో చేత్తో వేళ్ళను వెనక్కి లాగడం అలవాటు చేసుకున్నారు. గ్లవ్స్ వేసుకోలేకపోతున్నారు, చెక్క మీద అరచెయ్యి పరచలేకపోతున్నారు. ముఖం కడుక్కునేటప్పుడు చిటికెన వేలు కంట్లో గుచ్చుకుంటోంది. ఈ చివరి మాట ఈ జబ్బున్నవాళ్ళ నోట చాలాసార్లు వింటాను. చేతి పని గురించి ఫారమ్‌లో ఎన్ని ప్రశ్నలున్నా ఇంత సూటిగా చెప్పేది మరొకటి లేదు.

పరీక్షలో తేలినవి ఇవి. ఉంగరపు వేలు అరచేతిలో కలిసే మొదటి కణుపు దగ్గర (మేం ఎంసీపీ అంటాం) 50 డిగ్రీలు వంగి ఉంది, నడిమి కణుపు (పీఐపీ) బాగానే ఉంది. చిటికెన వేలు మొదటి కణుపు దగ్గర 30, నడిమి కణుపు దగ్గర 55. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమంటే అరచెయ్యి ఆనలేదు. స్పర్శ మామూలుగా ఉంది, రెండు వేళ్ళకూ రక్తప్రసరణ బాగుంది. ఎక్స్‌రేలో కీళ్ళ అరుగుదల లేదు. ఎడమ అరచేతిలో ఒక బుడిపె ఉంది కానీ వేళ్ళు సాపుగానే ఉన్నాయి. వేళ్ళ వెనకవైపు, నడిమి కణుపుల మీద చర్మం మందంగా మెత్తల్లా ఉంది. వీటిని గారడ్ ప్యాడ్స్ అంటారు. అరికాళ్ళలో గడ్డలు లేవు. తండ్రికి కూడా ముసలితనంలో ఇలాగే వేళ్ళు వంగాయని అడిగితే గుర్తు చేసుకున్నారు.

మొత్తం వంపును కలిపి స్టేజి చెప్పే ట్యూబియానా పద్ధతిలో 45 నుంచి 90 డిగ్రీల దాకా రెండో స్టేజి. ఉంగరపు వేలి మొత్తం 50, చిటికెన వేలిది 85. అంటే కాగితం మీద రెండూ రెండో స్టేజే.

ఇది నరమూ కాదు, కీలూ కాదు

అరచేతి చర్మం కింద, వేళ్ళను ముడిచే టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీల) పైన ఒక గట్టి పొర ఉంటుంది. పట్టు బిగించినప్పుడు చర్మం జారిపోకుండా దాన్ని కింది భాగాలకు అంటిపెట్టి ఉంచేది అదే. డుప్యుట్రెన్‌లో ఈ పొరలోని కణాలు మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. ఇవి ఒకవైపు కొల్లాజెన్ అనే గట్టి నార తయారు చేస్తూ మరోవైపు కండరంలా సంకోచిస్తాయి కూడా. మొదట బుడిపె, తర్వాత తాడు, తర్వాత వంపు. టెండన్ లోపల భద్రంగానే ఉంటుంది. అందుకే వేలు పూర్తిగా ముడవగలరు, చాపడమే కుదరదు.

ట్రిగ్గర్ ఫింగర్ అయితే వేలు మధ్యలో ఇరుక్కుని టక్కున విడుస్తుంది, రెండో చేత్తో లాగితే సాపుగా వస్తుంది. చిటికెన వేలి వైపు వెళ్ళే అల్నార్ నరం దెబ్బతిని వేళ్ళు వంగితే మొదటి కణుపు వెనక్కి విరిగినట్టుంటుంది, చిటికెన వేలికి తిమ్మిరి ఉంటుంది. ముంజేతి కండరాలు కుంచించుకుపోయిన కేసుల్లో మణికట్టు ముందుకు వంచితే వేళ్ళు వదులవుతాయి. డుప్యుట్రెన్‌లో మణికట్టు ఎటు తిప్పినా వేలి వంపు మారదు. షుగర్ వల్ల చేతులు బిగుసుకుపోతే సాధారణంగా చాలా వేళ్ళు కలిసి బిగుస్తాయి, రెండు చేతులూ జోడిస్తే అరచేతులు ఆనవు. వేలితో తడిమితే చర్మానికి అంటుకుపోయిన తాడు తగలడం, దాని మీద చర్మం గుంటలు పడటం చూశాక ఈ రోగిలో అనుమానానికి చోటు లేదు. స్కానింగ్ ఏదీ చేయించలేదు.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు వంశపారంపర్యమే మొదటి సమాధానం. 50 దాటిన మగవాళ్ళలో ఎక్కువ, ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. షుగర్, మద్యం, పొగ తోడవుతాయి. చేతిపని వల్ల వస్తుందా అన్న వాదన పాతదే, ఇంకా తెగలేదు. అదిరే యంత్రాలు ఏళ్ళ తరబడి వాడినవాళ్ళ విషయంలో మాత్రం సాక్ష్యం కొంత బలంగా ఉంది, బ్రిటన్ 2019లో దీన్ని అలాంటి పనివాళ్ళకు పరిహారం ఇచ్చే జబ్బుల జాబితాలో చేర్చింది. ఈయన ఏళ్ళుగా కరెంటు రంపం, సాండర్ వాడుతున్నారు. పని మానేస్తే తగ్గుతుందా అని అడిగారు. ఒకసారి ఏర్పడిన తాడు పని మానేసినంత మాత్రాన కరగదు, అందుకోసం పని మానొద్దనే చెప్పాను.

మందులు, ఇంజెక్షన్లు, రేడియేషన్

ఈ భాగం ఆయనకు చెప్పడానికి పట్టినంత సేపు ఇక్కడ రాయడానికి పట్టదు. ఎందుకంటే తాడు బిగిసి వేలు వంగాక వీటిలో పనిచేసేవి తక్కువ.

వేలు లాగడం, వ్యాయామాలు, స్ప్లింట్ (వేలిని చాపి ఉంచే పట్టీ) ఏర్పడిన వంపును తిప్పలేవు. గట్టిగా లాగితే ఆ కణాలు ఇంకా రెచ్చిపోతాయేమో అన్న అనుమానం కూడా ఉంది కాబట్టి లాగడం ఆపమన్నాను. బుడిపెలోకి ట్రయామ్సినలోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తే అది మెత్తబడుతుంది, నొప్పి ఉంటే తగ్గుతుంది, వేలు మాత్రం సాపు కాదు. షుగర్ ఉన్నవాళ్ళలో కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది కూడా.

ఎడమ చేతికి రేడియేషన్ ఇస్తారా అని ఆయన కొడుకు అడిగాడు, నెట్‌లో చదివాడట. తప్పు ప్రశ్న కాదు. జబ్బు తొలి దశలో, బుడిపెలు పెరుగుతున్నప్పుడు కొన్ని దేశాల్లో ఇస్తారు. మామూలు పద్ధతిలో మొత్తం 30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), ఐదు రోజుల చొప్పున రెండు విడతలు, మధ్యలో కొన్ని వారాల విరామం. ఈయన ఎడమ బుడిపె ఏళ్ళుగా కదలకుండా ఉంది. ఆగిపోయినదాన్ని ఆపడానికి రేడియేషన్ ఎందుకు? కుడి చేతికి ఆ దశ ఎప్పుడో దాటిపోయింది. అడాలిముమాబ్ అనే మందును మూడు నెలలకోసారి బుడిపెలోకి ఇచ్చి చూసిన బ్రిటన్ ట్రయల్ 2022లో వచ్చింది. బుడిపె గట్టిదనం, సైజు తగ్గాయి. అది కూడా తొలి దశ కోసమే.

కొల్లాజినేజ్ సంగతి వేరు. క్లాస్ట్రిడియం హిస్టోలిటికమ్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన, కొల్లాజెన్‌ను కరిగించే ఈ ఎంజైమ్‌ను తాడులోకే ఎక్కించి, ఒకటి నుంచి మూడు రోజుల్లో వేలు చాపి తాడు తెంపడం. 2009లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 308 మంది రోగులున్నారు. మందు తీసుకున్నవాళ్ళలో 64 శాతం మందిలో కీలు దాదాపు సాపైంది, ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 6.8 శాతం. 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత యూరప్ మార్కెట్ నుంచి కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది, కారణం భద్రత కాదు, వ్యాపారం. 2024లో బ్రిటన్‌లో 672 మందితో దీన్ని సర్జరీతో పోల్చి చూశారు. ఏడాది తర్వాత చేతి పనితీరులో సర్జరీకి సాటి రాలేదు. నాకు ఆ మందు అందుబాటులో లేదు. ఉన్నా ఈ రోగి చిటికెన వేలికి వాడేవాణ్ణి కాదు.

నడిమి కణుపు ఎందుకు మొండికేస్తుంది

రోగికి బొమ్మ గీసి మరీ చెప్పిన విషయం ఇది.

మొదటి కణుపులో ఎముక తల గుండ్రం ఒకేలా ఉండదు. వేలు వంచినప్పుడు పక్క లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) సాగి ఉంటాయి, చాపినప్పుడు వదులవుతాయి. కాబట్టి ఆ కణుపు ఏళ్ళ తరబడి వంగి ఉన్నా లిగమెంట్లు పొడుగు తగ్గవు. తాడు తెగితే చాలు, కీలు తెరుచుకుంటుంది. నడిమి కణుపుకు ఆ అదృష్టం లేదు. అది వంగి ఉంటే కీలు కింద ఉండే వోలార్ ప్లేట్, దాని పక్కనుండే చెక్‌రెయిన్ లిగమెంట్లు ముడుచుకుని అక్కడే గట్టిపడతాయి. వెనకవైపు వేలు చాపే టెండన్ వంగిన కీలు మీద సాగి సాగి పలచబడుతుంది. తాడు తీసేసినా కీలుకు సొంతంగా వచ్చిన బిగుతు మిగిలే ఉంటుంది. అందుకే మొదటి కణుపు 30 డిగ్రీల దాకా వంగే వరకు ఆగొచ్చు కానీ నడిమి కణుపులో వంపు మొదలైతే ఎక్కువ కాలం ఆగకూడదు. ఈయన ఏడాది ముందు వచ్చి ఉంటే చిటికెన వేలు కథ వేరుగా ఉండేది. ఆ ఏడాది ట్రిగ్గర్ ఫింగర్ ఇంజెక్షన్లతో గడిచిపోయింది.

"రెండూ సూదితోనే లాగేయండి" అని ఆయన పట్టుబట్టారు. ఆపరేషన్ అంటే టెన్షన్, పైగా పని పోతుంది. సూదితో చేసేదాన్ని నీడిల్ ఫాసియాటమీ అంటాం. ఈ జబ్బుకు పేరొచ్చిన గియోమ్ డుప్యుట్రెన్ 1831లో పారిస్‌లో చేసింది కూడా పొరను కోసి వదలడమే, తీసెయ్యడం కాదు. 1970లలో ఫ్రాన్స్ రుమటాలజిస్టులు కత్తి బదులు సూదితో అదే పని మళ్ళీ మొదలుపెట్టారు. చిన్న పని, త్వరగా కోలుకుంటారు. కానీ తాడు లోపలే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో ఐదేళ్ళు చూసిన ట్రయల్‌లో సూది చేసినవాళ్ళలో 84.9 శాతం మందికి వంపు తిరిగి వచ్చింది, తాడు కోసి తీసినవాళ్ళలో 20.9 శాతానికే. ఫిన్లండ్‌లో సూది, కొల్లాజినేజ్, సర్జరీ మూడింటినీ పోల్చినప్పుడు మూడు నెలలకు తేడా కనిపించలేదు, రెండేళ్ళకు సర్జరీ ముందుంది.

ఈ అంకెలు చూసి అందరికీ సర్జరీయే అనుకోవడం నాకు నచ్చదు. సూది పని మళ్ళీ చేయించుకోవచ్చు, సర్జరీ మచ్చ మీద మళ్ళీ సర్జరీ చాలా కష్టం. ఉంగరపు వేలి తాడు అరచేతిలోనే ఉంది, నిటారుగా, చర్మం కింద స్పష్టంగా తగులుతోంది. సూదికి అంతకంటే మంచి తాడు ఉండదు. చిటికెన వేలి తాడు వేలి లోపలికి మెలికలు తిరిగి వెళ్ళింది. అలాంటి స్పైరల్ తాడు పక్కనున్న నరాన్ని వేలి మధ్యకు, చర్మం దగ్గరికి లాక్కొస్తుంది. అక్కడ చూడకుండా సూది తిప్పడం అంటే నరం కోసుకోవడమే.

ఇంకో సంగతి, ఆయన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6 ఉంది. పెద్ద కోత పెట్టే పని దాన్ని తగ్గించాకే మంచిదనుకున్నాను. రెండు వేళ్ళూ ఒకే రోజు చేసే సర్జన్లు ఉన్నారు, వాళ్ళ పద్ధతీ సరైనదే. మేం ముందు ఉంగరపు వేలికి సూది, షుగర్ దారికొచ్చాక చిటికెన వేలికి సర్జరీ అని అనుకున్నాం.

సూది

ఓపీ పక్కనున్న ప్రొసీజర్ గదిలోనే చేశాను. మత్తుమందు చర్మంలోకి మాత్రమే, చాలా కొద్దిగా. లోపలి నరం మేలుకునే ఉండాలి. సూది నరం దగ్గరికి వెళ్తే వేలి కొనకు కరెంటు కొట్టినట్టవుతుంది, రోగి వెంటనే చెప్పాలి. ఒక్కో చోట సూది పెట్టాక వేలి కొన కదపమంటాను. సూది కూడా ఊగితే అది టెండన్‌లో ఉన్నట్టు, వెనక్కి తియ్యాలి. 25 గేజి సూది మొనతో తాడును అడ్డంగా గీస్తూ, రెండో చేత్తో వేలిని చాపి పట్టుకుంటే కొంతసేపటికి పటుక్కున తెగుతుంది. ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడ్డారు. అరచేతిలో మూడు చోట్ల చేశాక 50 డిగ్రీలు 5కి వచ్చింది. ఒకచోట చర్మం కొంచెం చిట్లింది. పాత వంపులో చర్మం కూడా పొట్టిగా అయిపోతుంది కాబట్టి ఇది మామూలే, కుట్టు వెయ్యలేదు, కట్టు కట్టి పంపాం. వారం తిరక్కుండానే తేలిక పని మొదలుపెట్టారు.

సర్జరీ

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 7.3కి దిగింది.

ఈ మధ్య చేతి సర్జరీలు అడ్రినలిన్ కలిపిన లోకల్ మత్తుతో, టోర్నికే (రక్తం రాకుండా చేతికి బిగించే పట్టీ) లేకుండా ఎక్కువగా చేస్తున్నారు. నేనూ చాలావాటికి అదే వాడతాను. ఇలాంటి వేలికి మాత్రం చంకలో బ్లాక్ (చెయ్యంతా మొద్దుబారేలా నరాలకు మత్తు) ఇచ్చి టోర్నికే పెట్టడమే ఇష్టం. ఏళ్ళ తరబడి వంగిన వేలిని చాపితే రక్తనాళం సాగి వేలు తెల్లబడొచ్చు. అడ్రినలిన్ వల్ల కూడా తెల్లబడుతుంది. ఆ క్షణంలో ఏది ఏదో తెలియకపోవడం నాకు ఇష్టముండదు.

అరచేతిలో అడ్డకోత, అక్కడి నుంచి వేలి నడిమి ఎముక దాకా వంకరటింకర కోత పెట్టాం. నరాన్ని ముందు అరచేతిలో, జబ్బు లేని చోట పట్టుకుని, అక్కడి నుంచి పైకి వెంబడించాలి. వేలి మొదట్లో అనుకున్నట్టే ఉంగరపు వేలి వైపు నరం మధ్యగీతకు వచ్చేసి ఉంది, చర్మానికి రెండు మూడు మిల్లీమీటర్ల లోతులో. దాన్ని విడదీయడానికే ఆపరేషన్‌లో సగం సమయం పట్టింది. తాడు ముక్కంతా తీశాక మొదటి కణుపు పూర్తిగా సాపైంది, నడిమి కణుపు 55 నుంచి 20 దగ్గర ఆగింది.

ఇక్కడ సర్జన్ ఆగాలా, ఇంకా ముందుకెళ్ళాలా అన్నది పాత తగువు. చెక్‌రెయిన్ లిగమెంట్లు, వోలార్ ప్లేట్ కోసి వదిలితే టేబుల్ మీద ఇంకో పదిహేను డిగ్రీలు వస్తాయి. తర్వాతి నెలల్లో అవి నిలవడం అరుదు, పైగా వాపు, బిగుతు పెరిగి వేలు ముడవడం కూడా పోవచ్చు. పిడి పట్టుకుని పనిచేసే మనిషికి ముడవగలగడమే ముఖ్యం. 20 దగ్గర ఆగిపోయాను.

టోర్నికే వదిలాక వేలు కొన్ని నిమిషాలు తెల్లగానే ఉంది. వేలిని కాస్త వంచి, గోరువెచ్చని సెలైన్ పోసి ఆగితే రంగు తిరిగి వచ్చింది. వేలి మీద చర్మాన్ని జడ్-ప్లాస్టీతో (Z ఆకారంలో కోసి చర్మం ముక్కలను మార్చి కుట్టే పద్ధతి) పొడిగించి కుట్టాం, అరచేతిలో అడ్డకోత కొంత తెరిచే వదిలాం. 1964లో మెక్‌క్యాష్ చెప్పిన పద్ధతి ఇది. రక్తం లోపల గడ్డకట్టదు, చర్మం లాగదు. తెరిచి వదిలిన గాయం చూసి ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు కాబట్టి ముందే ఫొటో చూపించి పెట్టాను. చర్మంతో సహా తీసి అతుకు వేసే డెర్మోఫాసియెక్టమీ ఈయనకు అవసరం లేదు. చిన్న వయసులో రెండు చేతులకూ వచ్చినవాళ్ళకు, లేదా తిరగబెట్టినవాళ్ళకు దాన్ని ఆలోచిస్తాం.

తర్వాత

మొదటి రోజుల్లో వేలిని పూర్తిగా చాపి కట్టలేదు, కొద్దిగా వంచి వదులుగా ఉంచాం. ఐదో రోజు నుంచి థెరపిస్టు కదలికలు మొదలుపెట్టారు. రెండు వారాలకు కుట్లు తీశాం, అరచేతి గాయం నాలుగో వారానికి దానంతటదే మూసుకుంది. చిటికెన వేలి లోపలి వైపు తిమ్మిరి ఉంది. నరాన్ని అంత దూరం విడదీస్తే ఉంటుంది, రెండు నెలల్లో పోయింది.

రాత్రి స్ప్లింట్ విషయంలో ఒక మాట. సర్జరీ అయిన అందరికీ నెలల తరబడి ఇవ్వడం ఆనవాయితీ. 2011లో వచ్చిన బ్రిటన్ ట్రయల్ అలా అందరికీ ఇవ్వడం వల్ల లాభం లేదని తేల్చింది. కాబట్టి మొదట ఇవ్వలేదు. మూడో వారంలో వేలు వాచి నడిమి కణుపు 30కి జారింది, అప్పుడు ఇచ్చాం. మూడు నెలలు రాత్రిళ్ళు పెట్టుకున్నాక 25 దగ్గర నిలబడింది.

ఏడాదికి ఉంగరపు వేలి మొదటి కణుపు 15, చిటికెన వేలి నడిమి కణుపు 25. పిడికిలి పూర్తిగా వస్తోంది, గ్లవ్స్ పడుతున్నాయి, కంట్లో వేలు గుచ్చుకోవడం లేదు. 25 డిగ్రీల వంపు మిగలడాన్ని వైఫల్యం అనుకుంటారేమోనని నేను జంకుతుంటే, ఆయన ఆ వేలి వంకే చూడకుండా అరచేతి మచ్చ ఎప్పుడు మెత్తబడుతుందని అడిగారు.

మూడో ఏడు వచ్చేసరికి ఉంగరపు వేలు మళ్ళీ 35 డిగ్రీలు దిగింది, తాడు పాత చోటే తేలింది. చిటికెన వేలిలో మార్పు లేదు. సర్జరీ చేసేద్దామా అని ఈసారి ఆయనే అడిగారు. తాడు ఇంకా అరచేతిలోనే ఉంది, నడిమి కణుపు బాగుంది, కాబట్టి మళ్ళీ సూదే చేశాను, 10కి వచ్చింది. ఎడమ చేతి బుడిపెను ఏడాదికోసారి కొలుస్తున్నాం. బల్ల మీద అరచెయ్యి ఆనకపోయినా, ఏ వేలి నడిమి కణుపైనా వంగడం మొదలైనా, ఏడాది దాకా ఆగకుండా ఆ నెలలోనే రమ్మన్నాం.